కట్టమీద కూచున్న మనిషి

రేవతికి అక్షరాలు చెక్కడం వచ్చు, మనుషుల్ని చెక్కడం రాదు. పుంగనూరులో మదనపల్లె రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద కూచుని పదకొండేండ్లుగా ఆమె చెక్కినవన్నీ పేర్లే. ఇంటి గుమ్మాల పక్కన పెట్టుకునే పేర్లు, ప్రారంభోత్సవాల శిలాఫలకాల మీద పేర్లు, సమాధుల మీద పేర్లు. బొమ్మలు చెక్కే చెయ్యి ఆమె నాయన సిద్దప్పది. రాతిదుమ్ము ఆయన రొమ్ములో చేరి ఊపిరి ఆడనీయకుండా చేశాక ఉలి కూతురికిచ్చి, షెడ్డు ముందర నులకమంచం వేసుకున్నాడు. అక్కడ కండ్లు మూసుకుని సుత్తిదెబ్బలు వింటూ, "ఆ దెబ్బ పక్కకు పోయింది సూడు" అనేవాడు. లేచి చూస్తే నిజంగానే పోయి ఉండేది.

కార్తీకమాసంలో ఒక పొద్దున మంచు ఇంకా రోడ్డు మీదనుంచి లేవలేదు. ఆ మంచులోంచి ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చి షెడ్డు ముందర ఆగాడు. నలభై ఐదేండ్లుంటాయి, వెడల్పాటి భుజాలు. పేరు చంద్రశేఖర్, బైరెడ్డిపల్లె అవతల ఏడుగుండ్లపల్లె అని చెప్పుకున్నాడు.

"మా ఊరి నీరుగంటికి రాయి నిలబెట్టాలమ్మా," అన్నాడు. "ముందుకాలంలో వీరులకు నిలబెట్టినారు సూడు, అట్లాంటిది."

నీరుగంటి అంటే చెరువును కనిపెట్టుకుని ఉండే మనిషి. తూము తెరిచేదీ మూసేదీ, ఏ మడికి ఎన్ని నీళ్లో పంచేదీ అతనే. ఏడుగుండ్లపల్లె నీరుగంటి గోపాలస్వామి. అంతకు రెండేండ్ల ముందు పెద్దవానలు పడ్డాయి. ఇరవై ఏండ్లుగా ఎండిపోయి తుమ్మచెట్లు మొలిచిన చెరువు మూడురోజుల్లో నిండింది. కట్ట చెమర్చింది, ఆనక కారింది. కట్ట కింద అరవై ఇండ్లు. తూము చూస్తే ఇన్నేండ్ల బురదలో బిగుసుకుపోయి ఉంది. గోపాలస్వామి నీళ్లలో మునిగి తూము తెరిచాడు. నీళ్లు కాలవలో పడ్డాయి, కట్ట నిలబడింది. ఆయన మాత్రం పైకి రాలేదు.

"ఊరంతా ఆయప్ప ఇచ్చిన బతుకే బతుకుతాండాం," అన్నాడు చంద్రశేఖర్. ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. పొలంలో పాతకాలం వీరగల్లు. కోరమీసాలవాడు ఒకడు, ఇంత రొమ్ము, చేతిలో ఎత్తిన కత్తి. "ఇట్లే ఉండాలమ్మా. కత్తి మర్సిపోవద్దు."

"నీరుగంటికి కత్తి యాలన్నా?" అంది రేవతి.

"వీరుడంటే కత్తి లేకుంటే ఎట్లమ్మా?" అన్నాడాయన, కొంచెం కోపంగానే.

ఆయన పోయాక రేవతి మంచం దగ్గరికి వచ్చింది. "నాయనా, నాకు మనిషి బొమ్మ రాదు గదా. రాదని చెప్పేస్తా."

సిద్దప్ప కండ్లు తెరవలేదు. "నాకు మాత్రం పుట్టినప్పుడే వచ్చిందా? పోయి ఆ ఊరు సూసి రా పో," అన్నాడు.

మరుసటిరోజు ఆమె పలమనేరు బస్సెక్కి, అక్కడ దిగి బైరెడ్డిపల్లెకు ఇంకో బస్సెక్కి, చివరికి ఆటోలో ఏడుగుండ్లపల్లె చేరింది. పొద్దు ఎంత ఎక్కినా మంచు కరగలేదు. టమోటా తోటలో కట్టెలు పాతి తీగలు కట్టిన సాళ్ల నడుమ పాత వీరగల్లు నడుము లోతున భూమిలో దిగబడి ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరో మనిషి తోటలో నిలబడి కాయలు కోస్తున్నట్టే ఉంది. దగ్గరికి పోయి చేత్తో తడిమింది. రాయి చల్లగా, తడిగా ఉంది. మీసాలున్నాయి గాని ముఖం అరిగిపోయింది. కాళ్ల దగ్గర మూడు పొట్టి ఆవులు, పైన ఆయన్ని చెరో చేయి పట్టుకుని స్వర్గానికి తీసుకుపోతున్న ఇద్దరు ఆడవాళ్లు. పక్కన పాతకాలపు అక్షరాలు ఐదు వరసలు. రేవతి వాటిని ఒక్కొక్కటే వేలితో దిద్దింది. ఎప్పుడో ఒకడు తనలాగే కూచుని తట్టిన దెబ్బలు. ఒక అక్షరం దగ్గర ఉలి జారినట్టుంది, దాన్ని సరిచేయబోయి ఇంకొంచెం పాడుచేశాడు. ఆమెకు నవ్వొచ్చింది. వెయ్యేండ్ల అవతలివాడు పక్కన కూచుని నాలిక కరుచుకున్నట్టే అనిపించింది.

గోపాలస్వామి భార్య తిమ్మక్క ఇంట్లోనే ఉంది. సన్నటి మనిషి, మాట తక్కువ. రేషన్ కార్డులోని ఫొటో తెచ్చి చూపించింది. బక్కపలచని ముఖం, ఫొటో తీసేటప్పుడు రెప్ప వేశాడు.

"ఆయన ఎట్లుండేవాడమ్మా?" అని అడిగింది రేవతి.

"మంచోడు," అంది తిమ్మక్క. ఫొటో తిరిగి తీసుకుని, "వాళ్లెట్ల చెప్తే అట్ల చెయ్యి తల్లీ," అని లేచి లోపలికి పోయింది.

ఫోనులో తీసిన అక్షరాలు పట్టుకుని రేవతి మదనపల్లె పోయింది. అక్కడ రాజేంద్ర అనే రిటైరైన చరిత్ర లెక్చరరు ఉన్నాడు. పాతరాళ్లు చదవడం ఆయన పిచ్చి. మేడమీద గదిలో కిటికీ తెరిచి కూచున్నాడు. కిటికీలోంచి దూరాన హార్స్లీ హిల్స్ సగం మబ్బులో మునిగి కనిపిస్తోంది. ఆయన ఫొటోలు పెద్దవి చేసుకుని, కండ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ చాలాసేపు చూశాడు.

"ఊరి ఆవుల్ని దొంగలు తోలకపోతాంటే అడ్డం పడి చచ్చిపోయినాడమ్మా ఈయప్ప. రాజూ కాదు, సేనాపతీ కాదు. పసులు మేపేవాడు. పేరు సగం పోయింది."

"మరి కత్తి? ఆ మీసాలు?"

రాజేంద్ర నవ్వాడు. "నేను ఇట్లాంటివి రెండొందలు సూసినాను. అందరికీ అవే మీసాలు, అదే రొమ్ము. చెక్కినోడు ఆ మనిషిని సూసి ఉండడు. వీరుడంటే ఇట్ల ఉండాల అని ఊరు చెప్పింటాది, వాడు చెక్కింటాడు. పసులు మేపేవాని చేతిలో ఆపొద్దు ఏముండిందో? కర్రే ఉండిందో, అదీ లేదో!"

రేవతి దిగివస్తుంటే మెట్లమీద చినుకులు మొదలయ్యాయి. బస్సులో కిటికీ పక్కన కూచుని కండ్లు మూసుకుంది. ఆ రోజు అతనెట్ల ఉండినాడో అనుకుంది. ఆవులు పోతున్న దుమ్ము, అటువైపు గుర్రాలు, ఇటువైపు ఒక్కడు. అతనికి నోరెండలేదా? కాళ్లు వణకలేదా? రాయి ఆ సంగతి ఒక్కముక్క కూడా చెప్పలేదు.

రాయి కోసం కుప్పం పోవాల్సివచ్చింది. గుడుపల్లె దారిలో ఒక క్వారీ. వాన వెలిసి, కోసిన రాళ్లన్నీ తడిసి ఆకుపచ్చ నలుపులో మెరుస్తున్నాయి. పెద్దపెద్ద ఏనుగులు నీళ్లలోంచి లేచి వరసగా పడుకున్నట్టున్నాయి. నాయన చెప్పినట్టు ఒక్కోదాన్నీ చిన్న సుత్తితో తట్టి చెవి ఆనించింది. కొన్ని బొంగురుగా పలికాయి, కొన్ని పలకలేదు. ఒకటి మాత్రం గుడిగంట ఆగిపోయాక మిగిలే మోతలాగా చాలాసేపు లోపలే పాడుకుంది. దాన్నే లారీకెత్తించింది.

రాయి షెడ్డుకు వచ్చింది. రేవతి సుద్దముక్కతో దానిమీద బొమ్మ గీసింది. మీసాలు, రొమ్ము, ఎత్తిన కత్తి, కాళ్లకింద నీళ్ల అలలు. ఉలి పట్టుకుంది. చెయ్యి లేవలేదు. ఒకరోజు పోయింది, నాలుగురోజులు పోయాయి. పొద్దున్నే వచ్చి రాయి ముందర కూచునేది, పొద్దుగూకినాక లేచిపోయేది. మంచం మీదినుంచి సిద్దప్ప ఏమీ అనలేదు. వినడానికి ఒక్క దెబ్బా లేదు మరి.

ఐదోరోజు మధ్యాహ్నం తిమ్మక్క తనంతట తానే వచ్చింది. "పుంగనూరు సంతకొచ్చినా. ఒకతూరి సూసి పోదామని," అంది. రాయి ముందర నిలబడి సుద్దబొమ్మను కిందినుంచి పైదాకా చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని రేవతికి కొంచెంసేపటికి గాని తెలియలేదు.

"ఈయన ఎవురు తల్లీ?" అంది తిమ్మక్క. "మా ఇంటాయన ఉరిమితే నా చెయ్యి పట్టుకునేవాడు. నీళ్లంటే మోకాలు దాటి దిగేవాడు కాదు. నీరుగంటి అయ్యుండీ ఈత సరింగా రాదు ఆయప్పకు." అంటూనే ఆ నవ్వు ఏడుపులోకి తిరిగింది. రాయినానుకుని నేలమీద కూలబడింది.

రేవతి చెంబుతో నీళ్లిచ్చింది. తిమ్మక్క తాగి, చెంబు చేతిలోనే పెట్టుకుని కూచుంది. ఆనక చెప్పింది.

"తెల్లారతాండాది అప్పుడు. వాన. మగోళ్లంతా కట్ట కారేకాడ ఇసకమూటలు వేస్తాండారు. తూముకాడ నేనూ ఆయప్పే. నడుముకు మోకు కట్టుకుని దిగినాడు, కొన నేను పట్టుకున్నా. ఒకతూరి మునిగినాడు, కాలేదు. రెండోతూరి మునిగి, పైకొచ్చి, కట్టమీదికి పాక్కుంటా వచ్చినాడు. పండ్లు టకటకా కొట్టుకుంటాండాయి. 'నావల్ల కాదు మే, లోపల కాళ్లు పట్టుకుని గుంజుతాండాది, నాకు భయంగా ఉండాది' అన్నాడు. నేను 'సరేలేయ్యా, పోదాం రా' అన్నా. మోకు నేనే ఇప్పేసినా."

రేవతి ఆమె పక్కనే నేలమీద కూచుంది.

"లేసి పోతాం అనుకున్నా. పోలేదు. కట్టమీదనే కూచున్నాడు. మోకాళ్లు రెండూ ఇట్ల కావలించుకుని." తిమ్మక్క తన మోకాళ్లు దగ్గరికి లాక్కుని చూపించింది. "ఒక బీడీ తాగేంతసేపు. బీడీ తడిసిపోయి ఉండాది, ఊరికే కూచున్నాడు. కింద ఊర్లో అందర్నీ బడికాడికి తోలుతాండారు. ఒక ఇంట్లో మటుకు పొయ్యి రాజేసినారు. ఆ వానలో గూడా పొగ లేస్తాండాది. ఆ పొగే సూస్తా ఉండాడు. 'సూడు మే, వాళ్లకింగా తెలీదు' అన్నాడు. ఆనక మోకు అడిగినాడు. నేను ఇయ్యలేదు. ఆయప్పే తీసుకుని, కట్టుకుని, కొన తెచ్చి నా సేతిలో పెట్టినాడు."

"లాగలేదా అమ్మా?"

"లాగినా. తూము లేసింది, నీళ్లు కాలవలో పడిన చప్పుడు ఇనపడింది. ఊరోళ్లు సంతోషంతో కేకలేసినారు. మోకు బిగుసుకునిపోయింది. వాళ్ల కేకల్లో నా కేక ఎవురికీ ఇనపడలేదు."

చెంబు కింద పెట్టింది. "భయపడినాడని తెలిస్తే ఆయప్పను తక్కువ చేస్తారని యాడా చెప్పలేదు తల్లీ. నువ్వు గూడా చెప్పొద్దు."

మంచం కిర్రుమంది. రెండేండ్లుగా ఎవరో ఒకరు పట్టుకుంటే గాని లేవని సిద్దప్ప లేచి కూచుని ఉన్నాడు. ఆయాసంతో రొప్పుతూ తడిగుడ్డ తీసి కూతురి మీదికి విసిరాడు.

"తుడిపెయ్ మే ఆ కత్తి. ఆయమ్మ కూచుని సూపించింది సూడు, అదీ బొమ్మ."

తిమ్మక్క భయంగా ఆయన వైపు చూసింది. సిద్దప్ప గొంతు తగ్గించాడు. "పోయేదానికి దారుండీ పోలేదమ్మా ఆయన. మళ్లా దిగినాడే, అది నేను యాబై ఏండ్లలో యాడా చెక్కలేదు. చెక్కనీ దాన్ని."

తిమ్మక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. లేచి పోయేముందు ఒక్కమాట అంది, "చెవులు కొంచెం పెద్దవి ఆయప్పకు."

ఇరవైరోజులు పట్టింది. పొద్దున మంచులో మొదలుపెడితే ఎప్పుడు మధ్యాహ్నమయిందో, ఎప్పుడు పొద్దు వాలిందో రేవతికి తెలిసేది కాదు. రాయిలోంచి ముందు వంగిన వీపు బయటికి వచ్చింది. ఆనక మోకాళ్లు, వాటిచుట్టూ చేతులు, పెద్ద చెవులు. కండ్లు మాత్రం రాలేదు. మూడురోజులు వాటి దగ్గరికి పోలేక చుట్టూ తిరిగింది. మూడోరోజు మధ్యాహ్నం రాయికే తల ఆనించి కునుకు తీసింది. కలలో చెరువు కట్ట, సన్నటి వాన. టమోటా తోటలోని పసుల కాపరి కట్టమీద నడిచి వచ్చాడు. మీసాలు లేవు, చాలా చిన్నవాడు. చేతిలో విరిగిన కర్ర ఉంది. గోపాలస్వామి కూచున్నచోట కొంచెం జరిగి చోటిచ్చాడు. కాపరి పక్కన కూచుని తానూ మోకాళ్లు కావలించుకున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఒకేవైపు చూస్తున్నారు. ఏం చూస్తున్నారా అని రేవతి వాళ్ల ముందరికి పోయి వాళ్ల కండ్లలోకి చూసింది. కండ్లలో చిన్న పొగ లేస్తోంది.

మెలకువ రాగానే ఉలి అందుకుంది. ఆ సాయంత్రం సిద్దప్ప ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. చీకటి పడే వేళకు, "అయింది, ఇంక ముట్టుకోవద్దు," అన్నాడు.

రాయికి గోనెపట్టలు చుట్టి ట్రాక్టరు మీద ఏడుగుండ్లపల్లెకు తీసుకుపోయారు. చెరువు కట్ట మొదట్లో గుంత తవ్వి పెట్టారు. ఊరంతా వచ్చింది. చంద్రశేఖర్ కొత్త చొక్కా వేసుకుని తానే పట్టలు విప్పాడు. విప్పినవాడు అట్లే నిలబడిపోయాడు.

కట్టమీద మోకాళ్లు కావలించుకుని కూచున్న ఒక బక్కమనిషి. పక్కన చుట్టచుట్టిన మోకు. దాని కొనమీద ఒక ఆడమనిషి చెయ్యి. పైన స్వర్గమూ లేదు, చేతులు పట్టుకుని తీసుకుపోయేవాళ్లూ లేరు.

"ఇదేందమ్మా?" అన్నాడు చంద్రశేఖర్. గొంతు పెద్దదయింది. "నేను చెప్పిందేంది, నువ్వు చెక్కిందేంది? ఊరిని కాపాడినోన్ని ఇట్ల పిరికోని మాదిరి కూచోబెడతావా?"

జనంలో గుసగుసలు లేచాయి. "తీసుకపొమ్మను," అన్నారెవరో. ఎవరికీ చెప్పొద్దని తిమ్మక్క అంది గదా, రేవతి ఏమని చెబుతుంది?

తిమ్మక్కే ముందుకొచ్చింది. రాతిమనిషి చెవిని ఒకసారి తడిమింది. ఆనక ఊరివైపు తిరిగి, షెడ్డులో చెప్పినట్టే మొత్తం చెప్పింది. ఈసారి ఏడవలేదు. "భయపడినాడు. నావల్ల కాదన్నాడు. మోకు ఇప్పేసినా. ఈడనే, ఇట్లనే కూచున్నాడు. మళ్లా దిగినాడు," అంది. వెనకవరసలో ఒక చిన్నామె, చంకలో రెండేండ్ల పాపతో, "ఆ పొగ మాదే. నేను బాలింతను అప్పుడు, మాయమ్మ నాకు నీళ్లు కాస్తా ఉండె," అని మెల్లగా అని ముఖం దాచుకుంది.

చంద్రశేఖర్ రాయి దగ్గరనుంచి కదల్లేదు. జనంవైపు తిరగకుండానే అన్నాడు.

"ఈ ఊర్లో ఈతకు నాకంటే మొనగాడు లేడు. పిలకాయలందరికీ నేర్పించినోన్ని నేనే. ఆపొద్దు ఆయప్ప ముందు నన్నే అడిగినాడు. 'సేకరా, నువ్వు దిగుతావా?' అని. నేను జేసీబీని పిల్చుకొస్తానని పోయినా. ఫోన్ చేసుంటే సాలు, జేసీబీకి. నేను పోయినా." చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "అందుకే కత్తి అడిగినానమ్మా. కత్తీ మీసాలూ ఉంటే, ఆయప్పది వేరే పుటక, నాలాంటోడు కాదులే అనుకుని పండుకోవచ్చు గదా. ఇట్ల కూచోబెడితే... ఇది నేనే గదా. నేను లేసి పోయినా, ఆయప్ప లేసి దిగినాడు. అంతే గదా తేడా."

చెరువులో నీటికోడి ఒకటి కూసి ఊరుకుంది.

"నాకు తెలుసప్పా," అంది తిమ్మక్క. "నువ్వు పోతాంటే నేనూ సూసినా, ఆయప్పా సూసినాడు. 'వానికి బిడ్డలు చిన్నోళ్లు మే' అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు." గుంతవైపు చూసింది. "లోతు సాలదు అది. గడ్డపార తీసుకో."

చంద్రశేఖర్ కొత్త చొక్కా విప్పి పక్కన పెట్టి గుంతలోకి దిగాడు. మధ్యాహ్నానికి రాయి నిలబడింది.

ఆ తర్వాత ఏడుగుండ్లపల్లెకు నీరుగంటి తిమ్మక్కే అయింది. ఎవరూ పెట్టలేదు, ఎవరూ వద్దనలేదు. ఎండాకాలం వస్తే ఆమె తూముదగ్గర నిలబడి చెబుతుంటుంది, చంద్రశేఖర్ బురద తీస్తుంటాడు. ఒక్క ఏడూ తప్పలేదు. సిద్దప్ప ఆ రాయిని కండ్లతో చూడకుండానే మరుసటి ఎండాకాలం పోయాడు. చూడాల్సిన పని లేదనేవాడు, ప్రతి దెబ్బా విన్నాడు గదా.

రేవతి మళ్లీ ఆ ఊరికి పోయింది ఒక వానాకాలం సాయంత్రం. సన్నటి తుంపర పడుతోంది. కట్టమీద బడినుంచి వస్తున్న పిల్లలు, గడ్డిమోపులు దించుకున్న ఇద్దరు ఆడవాళ్లు, మేకలు తోలుకొచ్చిన ఒక తాత రాతిమనిషి పక్కన వరసగా కూచుని ఉన్నారు. ఎవరూ ఎవర్నీ చూసి నేర్చుకోలేదు గాని, అందరూ మోకాళ్లు కావలించుకునే కూచున్నారు. అందరూ కిందున్న ఊరివైపే చూస్తున్నారు. ఇండ్ల కప్పులమీద మసక కమ్ముకుంటోంది. ఆమెను చూసి ఒక పాప జరిగి చోటిచ్చింది. ఆఖరి బస్సుకు ఇంకా కొంచెం పొద్దుంది. రేవతి చెప్పులు పక్కన విడిచి కూచుంది.